లెక్కలోకి రాని నాలుగు చేలు

గుంటూరులో ఒక కాలేజీ. అరవై ఒకటో సంవత్సరం, వేసవి సెలవులకు ముందు రోజులు. సాంఖ్యకశాస్త్రం తరగతిలో పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. చెంచురామయ్య మాస్టారు బోర్డు మీద రాసిన అభ్యాసం అందుకు కారణం. ఇంగ్లండులో ఎక్కడో కొండల మీద మేసే గొర్రెల బరువులిచ్చి, సగటు కట్టమంటోంది ఆ లెక్క.

మాస్టారు కోప్పడలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, "మీరెందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. ఆ గొర్రెల్ని మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. మన దగ్గర మిరప చేలు లేవా? కొత్తపట్నంలో చేపలు పడవా? మన పిల్లలు మన పంటల మీద, మన భాషలో చేసుకునే అభ్యాసాల పుస్తకం ఒకటి రావాలి. రాయడం నా వంతు. సెలవుల్లో ఊళ్లు తిరిగి అంకెలు పట్టుకురావడం మీ వంతు," అన్నారు.

తరగతిలో ఆ మాటకు అందరికంటే ఎక్కువ పొంగిపోయిన పిల్ల ఖుర్షిదా. దర్శి దగ్గర పల్లెలో మిరప వేసే గౌస్ బాషా కూతురు. స్కూలు ఫైనలు కాగానే చదువు చాలని తండ్రి అనుకున్నప్పుడు, ఏదో పనిమీద ఆ ఊరు వచ్చిన చెంచురామయ్య గారే వాళ్ల అరుగు మీద కూర్చుని, "సాయిబు గారూ, ఈ పిల్ల బుర్రని ఇంట్లో పెట్టి తాళం వేయకండి," అని ఒప్పించారు. ఆనాటి నుంచి ఆమెకు మాస్టారు మాట రాతిమీద గీత. ఆయన తరగతిలో చెప్పిన సూత్రాలన్నిటిలోకీ ఆమె మనసులో నాటుకున్నది ఒకటుంది: "నచ్చలేదని ఏ అంకెనూ కొట్టేయకు. అది ఎందుకట్లా వచ్చిందో వెళ్లి కనుక్కో."

ఆ ఏడు ఒక మందుల కంపెనీ వాళ్లు దర్శి చుట్టుపక్కల ఊళ్లలో పన్నెండుమంది రైతులకు కొత్త పొడిమందు ఊరికే పంచారు. మిరపకు పట్టే పురుగు దానితో చస్తుందని చెప్పారు. ఆ పన్నెండు చేలూ తిరిగి రమ్మని మాస్టారు ఖుర్షిదాను పంపించారు. వెళ్లేముందు ఒక మాట అన్నారు. "లెక్క తేలేదాకా ఎవరితోనూ అనకమ్మా. అరకొరగా చెప్పిన నిజం ఊళ్లో అబద్ధమై తిరుగుతుంది."

తండ్రి బండి కట్టించాడు. ఎండలో ఊరూరూ తిరిగింది ఖుర్షిదా. ఎనిమిది చేలు బావుల కింద ఉన్నాయి. అక్కడ నిరుడు ఎకరానికి ఎనిమిది బస్తాలు పండితే, మందు చల్లాక పది పండాయి. ఆ రైతులు కల్లాల్లోనే నవ్వుతూ చెప్పారు. మిగిలిన నాలుగూ ఆమె ఊరికి దూరంగా, రాళ్ల నేలల్లో ఉన్న మెట్ట చేలు. మందు పడ్డాక నేలలో తడి చాలక మొక్క మాడి, పూత రాలిపోయింది. అయిదు బస్తాలు పండే చోట ఒక్కటి మిగిలింది. పొడిని గుడ్డలో మూటగట్టి చేత్తో దులుపుతూ చల్లిన ఆడవాళ్లకు కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. వాగు మడుగులో చేపలు తెల్లగా తేలాయి. మాస్టారు చెప్పారు గనక చూసిందేదీ ఆమె ఇంట్లో కూడా అనలేదు.

కాలేజీ తెరవగానే ఆమె లెక్క రాసిన కాగితం మాస్టారికిచ్చి అంతా చెప్పింది. "పన్నెండూ కలిపి కడితే సగటు ఎకరానికి ఏడు బస్తాలే వచ్చిందండీ. మందు చల్లని నిరుడు కూడా ఏడు బస్తాలే. కానీ బావుల కింద వాళ్లు బాగుపడ్డారు, మెట్టవాళ్లు మునిగారు. వేరువేరుగా చెప్పాలేమోనండీ."

మాస్టారు ఆ కాగితం వంక చాలాసేపు చూశారు. "బాగా చేశావమ్మా. ఇక నేను చూసుకుంటాను," అన్నారు.

ఖుర్షిదా ఆ తర్వాత దాని గురించి ఆలోచించలేదు. పెద్దచేతికి అప్పగించిన పని గురించి ఎవరు బెంగపడతారు?

డిసెంబరు సెలవులకు ఆమె ఊరు వచ్చింది. బస్సు దిగి నడుస్తుంటే దారిలో కనబడిన వాళ్లు పలకరించలేదు. పేరయ్య మామ ఎదురొచ్చి, తలపాగా సర్దుకుంటూ పక్క సందులోకి తిరిగిపోయాడు. చిన్నప్పుడు ఆమెను భుజాన వేసుకుని తిప్పిన మనిషి ఆయన. ఇంటికి వెళ్తే తండ్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కూతుర్ని చూసి లేచాడు గాని, ఎప్పటిలా చేతిలో సంచీ అందుకోలేదు.

"ఏమైంది నాయనా?"

"మెట్టకెళ్లి చూసిరా," అన్నాడు గౌస్ బాషా. "ఆ తర్వాత మాట్లాడదాం."

వెళ్లింది. ఊరి మెట్ట పొడుగునా మిరప చెట్లు కాల్చిన పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఒక్క చేనూ తప్పించుకోలేదు. ఆ చివర బసవమ్మ గుడిసె. మొగుడు పోయాక ఒక్క ఎకరం మెట్టను నమ్ముకుని బతికే మనిషి. ఖుర్షిదా తల్లి పురిటి జబ్బు పడినప్పుడు ఈ పిల్లకు పాలిచ్చింది కూడా ఆమే. గుంజకు ఆనుకుని కూర్చున్న బసవమ్మ, పిల్లను చూసి మంచినీళ్లిద్దామని చెంబు అందుకుంది. చేతులు వణికి నీళ్లు ఒలికిపోయాయి. ఖుర్షిదా గబుక్కున చెంబు పట్టుకుంది.

"ఇదేందత్తా?"

"మందు చల్లిన కాణ్ణించి ఇంతే. ఫిట్లు కూడా వచ్చినయ్యి. చేతులు నా మాట వినటంలా."

"ఎందుకు చల్లావు? మెట్టకు పనికిరాదు గదా అది."

బసవమ్మ ఆ పిల్ల ముఖంలోకి వింతగా చూసింది. "అదేందమ్మాయా. చల్లమంది నువ్వే గదా."

ఖుర్షిదా చెంబు కింద పెట్టేసింది. బసవమ్మే చెప్పుకుపోయింది. "మిరప నాటేముందు పీర్ల చావిడి కాడ మీటింగు పెట్టారు. కంపెనీ వాళ్లతో మీ మాస్టారు కూడా వచ్చాడు. ఎకరానికి పది బస్తాలన్నాడు. అయ్యా, మాది మెట్ట, మాకు పనికొస్తదా అని నేనే లేచి అడిగా. ఆయన నవ్వి, ఈ లెక్క నాది కాదమ్మా, మీ గౌస్ బాషా గారమ్మాయి చేను చేనూ తిరిగి కట్టిన లెక్క, మీ పిల్లను మీరు నమ్మరా అన్నాడు. ఇంకెవరు చెప్పినా చల్లేదాన్ని కాదు. నీ పేరు చెప్పాడు గనక చల్లా."

ఆ మాటల్లో నిష్ఠూరం లేదు. అందుకే అవి మరీ లోతుగా దిగాయి.

గుంటూరు తిరిగి వెళ్లేసరికి పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద ఎర్రటి మిరపకాయ బొమ్మ, లోపల మందుల కంపెనీ వారికి కృతజ్ఞతలు. మొదటిరోజే మాస్టారు ఉత్సాహంగా తరగతిలోకి వచ్చి, మొదటి అభ్యాసం చదివించారు. "దర్శి ప్రాంతంలో కొత్త మందు వాడిన ఎనిమిది మిరప చేల దిగుబడి ఈ కింద ఇవ్వబడినది. సగటు కనుగొనుము."

"ఖుర్షిదా, నువ్వు రా. ఇది నీ లెక్కే," అన్నారు ఆప్యాయంగా.

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లింది. ఎనిమిది అంకెలూ వేసింది. వాటి కింద ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని మరో నాలుగు వేసింది.

"ఆ నాలుగూ లెక్కలో లేవమ్మా," అన్నారు మాస్టారు.

"చేలల్లో ఉన్నాయండీ."

మాస్టారి ముఖం ఎర్రబడింది. పాఠం ఆపి ఆమెను వరండాలోకి పిలిచారు.

"అవి అసాధారణమైన విలువలు. కలిపితే సగటు పాడవుతుంది," అన్నారు గొంతు తగ్గించి.

"మా ఊళ్లో మెట్టంతా మాడిపోయిందండీ. నాకు పాలిచ్చిన తల్లి చెంబు పట్టుకోలేకపోతోంది. నా పేరు చెప్పి చల్లించారు."

ఆయన చేతిలోని పుస్తకం నిమురుతూ, "పదిహేనేళ్లుగా ఈ పుస్తకం కోసం ఎక్కని గడప లేదు. ఒక్కడూ అచ్చు వేయలేదు. చివరికి వాళ్లు వేస్తామన్నారు. వేలమంది పిల్లలు తెలుగులో లెక్కలు నేర్చుకుంటారు. అంత మేలు ముందు నాలుగు చేలు ఎంత? నీ డిగ్రీ అయిపోతే ఇక్కడే డిమాన్‌స్ట్రేటరుగా వేయిస్తాను. తొందరపడకు," అన్నారు.

ఖుర్షిదా ఆయన వంక చూసింది. తమ అరుగు మీద కూర్చుని తన కోసం తండ్రిని బతిమాలిన మనిషి ఈయనే. చెడ్డవాడైతే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. ఆమెకు తప్పూ ఒప్పూ నేర్పిన నోటితోనే ఆయన ఆమె పేరును ఊరికి అమ్మేశారు.

"ఆ ఉద్యోగం నాకొద్దు మాస్టారూ," అని మాత్రం అంది. ఆ వరండా దిగాక మళ్లీ ఆయన తరగతిలో కూర్చోలేదు.

ఆ వారమే ఊరు వెళ్లి తండ్రితో అంతా చెప్పింది. గౌస్ బాషా పీర్ల చావిడి దగ్గరికి మెట్టవాళ్లందరినీ పిలిచాడు. కొందరు రాలేదు. వచ్చినవాళ్లు ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు. ఆడపిల్ల మగవాళ్ల మధ్య నిలబడి మాట్లాడటం ఆ ఊరికి కొత్త. ఖుర్షిదా పన్నెండు చేల సంగతీ, నాలుగు ఎలా పోయాయో, తను ఏం చెప్పిందో, మాస్టారు ఏం చెప్పారో, దాచకుండా చెప్పింది.

పేరయ్య లేచాడు. "సరే, ఆయన నిన్ను మోసం చేశాడు. నిన్ను చూసి మేం మోసపోయాం. నువ్వు ఇప్పుడు నిజం చెప్పినంత మాత్రాన నా చేను మళ్లీ కాస్తదా?"

"కాయదు మామా."

"బసవమ్మ చేతులు కుదురుకుంటయ్యా?"

ఆమె తల వంచుకుంది. "తెలియదు మామా."

"మరి మమ్మల్ని పిలిపించింది ఎందుకు?"

ఖుర్షిదా తలెత్తింది. "రేపు ఇంకో మందు తెస్తారు, ఇంకో విత్తనం తెస్తారు. నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చి సగటు ఇంత అంటారు. అప్పుడు చేతులు కట్టుకుని వినొద్దు. ఏ నేలలో చూశారు, ఎవరి చేలు కలిపారు, ఎవరివి వదిలేశారు అని అడగండి. చల్లిన మనుషులు ఎట్లా ఉన్నారో అడగండి. నేను వచ్చి చెప్పినా అడగండి. నేను కట్టిన ఏడు బస్తాల సగటు కూడా మెట్టవాళ్ల కష్టం చెప్పలేదు మామా. బావుల వాళ్ల లాభం వాళ్ల నష్టాన్ని కప్పేసింది."

పేరయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, ఆమె వంక చూడకుండానే మెట్టదారి పట్టాడు. క్షమించానని అనలేదు. తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. కానీ మరుసటి వానలకు ముందు కంపెనీ మనిషి కొత్త డబ్బాలతో వచ్చినప్పుడు, అందరికంటే ముందు లేచి, "మెట్టలో యాడేసి చూశావయ్యా? ఆ రైతుని పిలిపించు, మేం మాట్లాడతాం," అన్నది పేరయ్యే. ఆ మనిషి డబ్బాలు బండికెత్తుకుని వెళ్లిపోయాడు.

అంకెలకు పక్షపాతం లేదంటారు. నిజమే. పక్షపాతమంతా వాటిని ఏరేవాడి చేతిలో ఉంటుంది. నష్టపోయినవాణ్ణి వదిలేసి కట్టిన లెక్క ఎంత సరిగ్గా తేలినా, అది పదిమందిని నమ్మించి చేసిన ద్రోహమే.