ఎత్తని దురాయి

మా ఎమ్మెల్యే గంగులయ్య గారి జీవితచరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. నెల్లూరు కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇలాంటి పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట. నాయకుడు పుట్టగానే ఏడుపు మానేసి ఉపన్యాసం ఇచ్చినట్టు రాయాలి. అయినా ఒప్పుకున్నాను. ఆయన ‘జడ్సన్ సార్’ అని వినయంగా పిలవడం నాకు నచ్చింది, అబద్ధమెందుకు.

ఆయనది మైపాడు పక్కన సముద్రపు ఒడ్డు పాళెం. అక్కడి చేపలవాళ్ల ఇళ్లలో టెన్త్ పాసైన మొదటివాడు. ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాడు. చిన్ననాటి అధ్యాయానికి ఆయన చెప్పిందే రాసుకున్నాను.

"నాకు సాయం చేసినోళ్లు ఒక్కరు లేరు సార్. ఒంటరిగా చదివినాను. పరీక్షలకి ముందు పదిహేను రోజులు ఒడ్డున చిన్న చప్పుడు లేదు. నాకోసం సముద్రమే నోరు మూసుకునింది."

మాట బాగుందని కింద గీత గీసుకున్నాను.

ఫోటోల కోసం పాళెం వెళితే మాలకొండమ్మ కనిపించింది. ఎనభై దాటిన మనిషి, ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. ఆమె భర్త హజరత్తయ్య ఒకప్పుడు పాళెం పెద్ద. ఆయన ‘ఇది చేయకూడదు’ అని దురాయి పెడితే ఊరంతా కట్టుబడాల్సిందే. నేను గొప్పగా ఆ సముద్రం వాక్యం చదివి వినిపించాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"సముద్రం యాడన్నా నోరు మూసుకుంటదా అయ్యా? మూసుకునింది మేం."

ఆ పిల్లాడు పరీక్ష రాసేదాకా ఒడ్డున ఎవరూ గొంతెత్తకూడదని హజరత్తయ్య దురాయి పెట్టాడట. పెద్ద వల లాగాలంటే నలభై మంది చేతులు పాటతోనే కలుస్తాయి. ఆ పదిహేను రోజులు పాట లేకుండా లాగి అరచేతులు కోసుకున్నారు. చేపల వేలం తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర చెప్పుకుంటూ నడిచింది. ఒక పెళ్లి మేళం తారురోడ్డు మీదే ఆగిపోయింది. ఈ సంగతి గంగులయ్యకు చెప్పకూడదనీ దురాయే. మొదటిసారి తప్పినందుకే సిగ్గుపడి ఇల్లొదిలి పోబోయిన పిల్లాడు, ఊరి కళ్లన్నీ తన మీదే ఉన్నాయని తెలిస్తే నిలవడని హజరత్తయ్య భయం.

"వాడికి చెప్పకూడదన్న దురాయి రిజల్ట్సు వచ్చినాక ఎత్తేస్తానని చెప్పినాడు మా ఆయన. అవి రాకముందే గాలివానలో పడవతో పాటు పొయినాడు. పెట్టినోడు లేకపోతే ఇంటోళ్లు ఎత్తొచ్చు. అదీ ఎవురికోసం పెట్టినామో వాడొచ్చి అడిగితేనే. వాడికి తెలీదు, యాడ అడుగుతాడు? ఆయన మాట ముప్పై ఏళ్లుగా అట్నే నిలబడిపొయింది. నేను పొయ్యేలోగా దాన్ని దించాల."

"మరి నాకెట్లా చెప్పావమ్మా?"

"నువ్వు మా ఊరోడివి గాదు గదా. నీకు చెప్పకూడదని ఆయన అనలేదు."

కోర్టులో ఉండాల్సిన మనిషి అనుకున్నాను.

నెల్లూరు తిరిగొచ్చి నేరుగా గంగులయ్య దగ్గరికే వెళ్లాను. ‘ఒంటరిగా ఎదిగిన బిడ్డ’ అని ఆయన ఎన్నికల పోస్టర్ల మీదే ఉంది. ఆ మాట తప్పని మొహం మీద చెప్పాలి. పుస్తకం పోతే పోయిందని, మాలకొండమ్మ చెప్పింది చెప్పినట్టు వినిపించాను. గంగులయ్య నా చేతిలోంచి కాగితం తీసుకుని ‘ఒంటరిగా’ అన్నచోటల్లా తనే కొట్టేశాడు.

"రేపు పొద్దున్నే పాళెం పోదాం సార్. మనిద్దరమే."

మర్నాడు ఆయన మాలకొండమ్మ ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు. ఒకరొకరుగా పాళెం వాళ్లు చుట్టూ చేరారు.

"పెద్దమ్మా, నాకోసం పెట్టిన దురాయి ఒకటుందంట. ఎత్తేయండి."

ఆమె పైట సర్దుకుని సముద్రం వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ దురాయి ఎత్తేసినా. ఇంక నిమ్మళంగా ఉండు" అంది. ముఖం తేలికపడింది.

ఇక అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి వేలు ఎక్కడ తెగిందో, ఎవరి పిల్ల ఏడిస్తే ఎవరు నోరు మూశారో, ముప్పై ఏళ్ల మాటలు. మైకు లేకుండా రెండు గంటలు మాట్లాడగల గంగులయ్య చెప్పేవాళ్ల వైపు ఒక్కొక్కరి వైపే తిరుగుతూ విన్నాడు. కృతజ్ఞత అనే మాటకు బోర్డు మీద అర్థాలు రాసినవాణ్ణి నేను. నాకూ కళ్లు తడిశాయి.

"మీ అందరి రుణం నేనెట్లా తీర్చేది? పాసైన పొద్దు మీ ఎవురికీ మిఠాయి ముక్క గూడా పెట్టలేదు పెద్దమ్మా. నెల్లూరికి పొయి సినిమా చూసినాను" అన్నాడు చివరికి.

"నువ్వు సినిమాకి పొయినావనే గదా ఆ పొద్దు ఊరంతా పాయసం వండుకునింది. నువ్వు వచ్చేలోగా గిన్నెలు గూడా కడిగేసినాం" అంది మాలకొండమ్మ. "మా ఆయన పొయి నెల కాలేదు అబ్బయ్యా. అయినా మా పొయ్యి మీదే వండినాం."