మందు పడని మన్ను

వల్లూరులో ఎవరైనా "సావయవ నారప్ప" అని పిలిస్తే నారప్ప మీసం కింద నవ్వు దాగేది కాదు. సావయవ కృషి అంటే రసాయనాలు వాడని సేద్యం. రెండేళ్ల కిందట పావగడ రైతుల సభలో ఆ పేరు చెప్పే ఆయనకు శాలువా కప్పి, తలకు మైసూరు పేటా పెట్టి, ఫొటో తీశారు. ఆ ఫొటో ఇంట్లోకి రాగానే కంటికి తగిలేచోట వేలాడుతోంది. తగలనివాళ్లకు ఆయనే చెయ్యి పట్టుకుని చూపించేవాడు. పద్నాలుగు ఎకరాలు సోలార్ పలకల కిందికి పోయాయి. ఇంటి వెనక మిగిలిన అరెకరంలో వేరుశనగ వేసి, "తల్లిపాల మాదిరి మన్నప్పా ఇది" అని పొగుడుకునేవాడు.

కొడుకు అమరనాథ్ సోలార్ పార్కులో సెక్యూరిటీ. కేబుల్ కోసం కాలువ తవ్వుతుంటే బయటపడ్డ సాలీడునొకదాన్ని ఒకరోజు డబ్బాలో వేసి ఇంటికి తెచ్చాడు. అరచేతంత ఉంది. ఒళ్లంతా నూగు, ఒక కాలు విరిగి ఉంది. పావగడలో బి.ఎస్సీ. చదువుతున్న అతని కూతురు సింధుశ్రీ దాన్ని చూసి ఎగిరి గంతేసింది. టరాంటులా అట. కుబుసం విడిచినప్పుడు పోయిన కాలు మళ్లీ మొలుస్తుందట. అందాకా నేనే పెంచుతానంది.

"కొంపలో యముణ్ణి పెట్టుకుంటారా యాడన్నా?" అని నారప్ప భార్య తిప్పమ్మ ముందు గగ్గోలు పెట్టింది. కాసేపటికి దగ్గరికొచ్చి వంగి చూసి, "కంబళి కప్పుకున్నట్టుండాదే" అంది. అంతే, దాని పేరు కంబళెమ్మ అయిపోయింది.

చేపల్లేక మూలన పడున్న గాజు తొట్టిని సింధు కడిగి ఆరబెట్టింది. "ఇది చెట్టెక్కేది కాదు తాతా, బొరియలో ఉండేది. పైనుంచి పడితే కడుపు పగుల్తాది. అందుకే మన్ను బాగా ఎత్తు పొయ్యల్ల, పైన జానెడు వదిల్తే చాలు" అంది. అడుగున తేమ, పైన పొడి. దాక్కోవడానికి కొబ్బరి చిప్ప, నీళ్లకు సీసా మూత. గాలి ఆడేలా జల్లెడ గుడ్డ బిగించిన చట్రం, దాని మీద రాయి. పెళ్లికూతురికి విడిదిల్లు సర్దినట్టు సర్దింది పిల్ల.

"ఇంక మన్నే. మందు చుక్క పడని మన్ను కావల్ల. మన చేను ఉండంగ ఇంకెక్కడికి పోవల్ల, కదా తాతా!"

నారప్ప చేను వైపు చూశాడు. నెల కిందట వేరుపురుగు పడి చెట్లు వాడిపోతుంటే, ఎవరికీ తెలియకుండా మడకశిర దాకా పోయి గుళికల మందు తెచ్చి, తెల్లారకముందే చల్లింది ఆయనే. ఆ ఒక్కసారే కాదు, అంతకుముందు ఏడాదీ చల్లాడు. గుట్ట మీది మన్ను తెస్తానందామనుకున్నాడు. మన మన్నుకేమయింది అని పిల్ల అడిగితే? గోడ మీద శాలువా కప్పుకున్న నారప్ప ఏం చెప్పాలి? రెండు వానలు పడ్డాయి కదా, అంతా కొట్టుకుపోయుంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని, గంపెడు మన్ను తెచ్చి పోశాడు.

ఆరో రోజుకు కంబళెమ్మ కాళ్లు వణికాయి. ఏడో రోజు కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని కదలకుండా పడి ఉంది. సింధు వెక్కి వెక్కి ఏడ్చింది. నీళ్లు ఎక్కువయ్యాయా, ఎండ తగిలిందా అని ఒక్కొక్కటే తలచుకుని, చివరికి దేవుడి గూటి దగ్గర సాంబ్రాణి వేస్తున్న అవ్వ మీద పడింది.

"నీ పొగే చంపింది దాన్ని! దానికి పడదని చెప్పినా కదవ్వా!"

తిప్పమ్మ సాంబ్రాణి నిప్పుల మీద నీళ్లు చల్లేసింది. ఆ పూట నుంచి ఇంట్లో సాంబ్రాణి పొగ ఆగిపోయింది. నారప్ప తేలు కుట్టిన దొంగలా సంగటి ముద్ద ముందు కూర్చున్నాడు. అంత సిగ్గు ఆయన జన్మలో ఎరగడు. చెప్పేద్దామని ఒకసారి మనవరాలి దగ్గరికి పోయి, "పరీక్షలెప్పుడు పాపా?" అని అడిగి వచ్చాడు. ఇంకోసారి గొంతు సవరించుకుని, మంచినీళ్లడిగాడు. మగతనమంతా మీసంలోనే ఉన్నట్టుంది, నాలుక దాకా రాలేదు.

అలా రోజులు గడుస్తుండగా అమరనాథ్ ఇంకో సాలీడును తెచ్చాడు. సింధు మొహం వెలిగింది. అరుగు మీద ఆరబోసిన పాత మన్నునే చేటలోకి ఎత్తి తొట్టి దగ్గరికి తెచ్చింది. "మన్నులో తప్పేం లే, మంచి మన్ను. ఈసారి పొగ లేకుంటే చాలు."

"పొయ్యొద్దు!" నారప్ప చేట పట్టుకున్నాడు. మన్ను సగం నేలపాలైంది. "నేను దాంట్లో గుళికలు చల్లినా పాపా. తెలిసే తెచ్చిచ్చినా. కంబళెమ్మను చంపింది నేను, మీ అవ్వ కాదు."

సింధు ఆయన్ని ఏమన్నా అని ఉంటే బాగుండేది. తాత మొహం కూడా చూడకుండా, పెరట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతున్న తిప్పమ్మ దగ్గరికి పరుగెత్తి ఆమె చేతులు పట్టుకుంది. "తప్పయిందవ్వా. నిన్ను ఊరికే అరిచినా."

నారప్ప వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మాట తను అనాల్సింది.

"పోనీలేమ్మా. నాకు తెలిసిందే" అంది తిప్పమ్మ. "ఆ గుళికల కంపు కొట్టే పంచె ఉతికింది నేనే గదా."

"మరి ఆ దినమే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నేను చెప్పేదేముండాది? మీ తాత చెప్తాడేమోనని చూస్తాంటి."

అప్పుడు తలెత్తి భర్త వైపు చూసింది.

"తొమ్మిది దినాలు పట్టిందప్పా నీకు" అని, మళ్లీ చేటలోకి వంగింది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నారప్ప తిరిగి ఏదో ఒకటి అనేవాడే.