జట్టు గెలిస్తే వెళ్దామనుకున్న ఊరు

వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టు పరాయి దేశంలో ఆడింది ఒకే ఒక్కసారి. అభిమానుల బస్సు నడిపింది అతనే. నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడారు. అది చాలదన్నట్టు తిరుగు ప్రయాణంలో బ్రేకులు మొరాయించి ఒక రోజంతా ఆగిపోయారు. మెకానిక్ షెడ్డు పక్కనే అనాథ పిల్లల హాస్టల్. గోడ మీంచి గాలి పోయిన బంతి ఒకటి వచ్చి పడింది. ఏమీ తోచక కూర్చున్న అభిమానులంతా బిలబిలమంటూ లోపలికి వెళ్ళి ఆటలో దిగారు.

డ్రైవరు మాత్రం బస్సులోనే ఉండిపోయాడు. ఏడేళ్ళ పిల్ల ఒకతి మెట్లెక్కి వచ్చి స్టీరింగ్ పట్టుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా సాయంత్రం దాకా కబుర్లే కబుర్లు. బయల్దేరేటప్పుడు ఆ పిల్ల అతని చొక్కా వదల్లేదు. వార్డెనమ్మ వచ్చి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.

ఇంటికొచ్చాక అభిమానులు ఆ పిల్లల్ని మరిచిపోలేదు. మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం స్టేడియం గేటు దగ్గర కార్లు కడిగి విరాళాలు పోగుచేసేవారు. అందరికంటే ముందొచ్చి బకెట్ పట్టేది డ్రైవరే. హాస్టల్ నుంచి ఏటా ఒక ఫోటో వచ్చేది.

"ఇదిగో, రెండో వరసలో. పొడుగైంది కదూ?" అని భార్యకు చూపించేవాడు.

"అలా రుద్దకండి, మొహం అరిగిపోతుంది," అనేది ఆవిడ. వాళ్ళకు పిల్లల్లేరు. ఆ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

జట్టు మళ్ళీ అక్కడికి వెళ్ళాలంటే లీగ్‌లో పైకి రావాలి. ఐదేళ్ళపాటు ఆ అవకాశం అందినట్టే అంది జారిపోయింది. ఓడినరోజు మిగతావాళ్ళు ఆటగాళ్ళను తిట్టిపోసి ఇళ్ళకు పోయేవారు. అతను గేటు మూసేదాకా కుర్చీలోంచి లేచేవాడు కాదు.

"జట్టు వెళ్తేగానీ మనం వెళ్ళకూడదా?" అని అడిగింది భార్య ఒకరోజు.

"ఏమని వెళ్తాను? నేనెవర్నని చెప్పుకోను?"

మర్నాడే ఆవిడ అభిమానుల సంఘం నడిపే సెలూన్ పెద్దాయన దగ్గరికెళ్ళింది. హాస్టల్‌కి పాత వ్యాను ఒకటి కొందామని వాళ్ళు అప్పటికే అనుకుంటున్నారు. "అక్కడిదాకా నడపడానికి మా ఆయన ఉన్నారుగా, బాబాయ్!" అంది.

రెండు రోజుల ప్రయాణం. వ్యాను ఆగగానే పిల్లలు చుట్టూ మూగారు. అతని కళ్ళు ఒక్కో మొహాన్నీ వెతికాయి. వార్డెనమ్మ గుర్తుపట్టి, వచ్చీరాని మాటల్లో చెప్పింది. మూడు వారాల కిందట ఆ పిల్ల పిన్ని వచ్చి తీసుకెళ్ళిందట. ఎక్కడో కొండల్లో ఇల్లు, దగ్గర్లోనే బడి.

"మంచిది," అన్నాడు. వ్యాను తాళాలు వార్డెనమ్మ చేతిలో పెడుతూ మళ్ళీ అదే మాట అన్నాడు. మధ్యాహ్నం దాకా హాస్టల్ వంటతనికి బిగుసుకుపోయే మూడో గేరు ఎలా వెయ్యాలో నేర్పి, రైల్వే స్టేషన్‌కి వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు.

"చూశారా?"

"లేదు. వాళ్ళ పిన్ని తీసుకెళ్ళిందట. సొంతమనుషులు కదా, అంతకంటే ఏం కావాలి?"

"ఏమైనా తిన్నారా?"

"తింటాలే."

"ఆదివారం కార్లు కడగడానికి నేనూ వస్తాను."

"నీకు ఆటంటే పడదుగా?"

"ఆట కోసం ఎవరొస్తున్నారు?"

రైలు కొండల వారగా సాగినంతసేపూ, బడిలాంటి కప్పు కనిపించినప్పుడల్లా అతను కిటికీ ఊచలకు మొహం ఆనించి చూస్తూనే ఉన్నాడు.