ఒక్క మందు పడనివాళ్లు

ఎవరు ఇల్లు కదిలినా ఒంటిమీద ఏ రంగు బట్టలున్నాయో చూసి గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటు. మనిషి తిరిగి రాకపోతే పోలీసులు ముందు అడిగేది అదేనని మా ఆయన కనిపించకుండా పోయిన రోజు తెలిసింది. ఆ ఆదివారం పొద్దున మా వాచ్‌మన్ రాజయ్య భార్య సాయమ్మ, కాలిపుండు చీముపట్టి, జ్వరంతో కూకట్‌పల్లి ఆసుపత్రికి వెళ్లింది. ఏ చీర కట్టుకుందో నేను చూడలేదు. మధ్యాహ్నం దాకా అదే గుబులు.

మూడు కావస్తుండగా రాజయ్య ఆసుపత్రి కాగితం పట్టుకుని మాదాపూర్‌లోని మా కిరాయి ఇంటికి వచ్చాడు.

"పెద్దమ్మా, జర సదివి చెప్పు. మూడున్నరకు సూది ఇస్తరంట. దుప్పటి తీస్కపోదామని వచ్చిన."

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. పడని మందులు అన్నచోట ఏమీ లేవని ఉంది. కింద మూడున్నరకు ఇచ్చే సూది పెన్సిలిన్ అని ఉంది.

"లేవా? పోయినేడు పెన్సిలిన్ సూదికి సాయమ్మ గొంతు వాచిపోలేదా? పక్కన ఉండింది నేనే కదా!"

"చెప్పిన పెద్దమ్మా! కంప్యూటర్ కాడున్న పిల్లకు రెండుసార్లు చెప్పిన. ఆమె టైపు కొట్టింది గూడ."

మాటలు విని నా మనవరాలు నవ్య బయటికి వచ్చింది. ఆ ఆసుపత్రికి రోగుల వివరాల ప్రోగ్రాం రాసింది తనే. నిన్ననే అక్కడ పెట్టి వచ్చింది. కాగితం చూడగానే ఆసుపత్రికి ఫోన్ తిప్పింది. ఎంగేజ్. మళ్లీ తిప్పింది. ఎంగేజే.

"అవ్వా, చెప్పులేసుకో. పోదాం."

రాజయ్య ఆటో డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. వెనక సీట్లో నవ్య చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఏం చేసినావే?"

"ఒక్కో మందుకు ఒక్కో నంబరు అవ్వా. రెండు మూడు మందులు పడనోళ్లకు నంబర్లు వరసగా ఉంటాయి. ఒక్కటే పడకపోతే వరస ఉండదు, ఉత్త నంబరే. నా ప్రోగ్రాం అందరినీ ఒకటే అడుగుతాది, వరసలో మొదటిది ఇయ్యి, రెండోది ఇయ్యి అని."

"ఉత్త నంబరును అడిగితే?"

"నేను రాసిన కంప్యూటర్ భాష ఖాళీ ఇస్తాది. ఇది వరస కాదు అని ఒక్క మాట అనదు. ఖాళీ వస్తే ఏమీ లేవని అచ్చెయ్యమని నేనే రాసినా."

"అదేం భాషే, తప్పును తప్పనదా?"

"రెండేళ్లు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో పనిచేసినా కదా. చిన్న తప్పుకే నా మీద పడి అరిచేది. ఇది అరవకపోతే అంతా బాగుందనుకున్నా. పరీక్ష కోసం రాసుకున్న దొంగ రోగులందరికీ పడని మందులు రెండేసి పెట్టినా. ఒక్కటే ఉన్నోళ్లను పరీక్షించనే లేదు."

"ఏందమ్మా ఈ లెక్కలు?" రాజయ్య వెనక్కి తిరిగాడు. "సాయమ్మకేమైతది?"

"తొందరగా పోనియ్యి నాయనా," అని డ్రైవర్ భుజం తట్టాను.

అంతలో ఆటో ఆగిపోయింది. ఎదురుగా ఎర్రజెండా. కొత్త భవనాల కోసం బండలు పేలుస్తున్నారు. నవ్య గడియారంలో మూడుంబావు. రాజయ్య దిగి జెండా మనిషి కాళ్లమీద పడబోయాడు.

"నెత్తి పలగాల్నా తాతా? ఎన్కకు పో!" అని అతను నెట్టేశాడు.

నేల అదిరింది. దుమ్ము ఆటోను కమ్మేసింది. విజిల్ ఊదేదాకా నవ్య ఆసుపత్రికి ఫోన్ తిప్పుతూనే ఉంది. ఎంగేజే.

ఆసుపత్రి మెట్లెక్కేసరికి మూడూ ముప్పై అయిదు. వార్డు చివర నర్సు సాయమ్మ చేతికి స్పిరిట్ దూది రుద్దుతోంది.

"ఆపండి!" నవ్య అరుపుకు వార్డంతా తిరిగి చూసింది.

"ఏందమ్మా, పరాచికమా? వార్డుల గిట్ల ఉరుకుతరా?"

రాజయ్య ఆ సూదికీ భార్యకూ మధ్య దూరి, ఆమె చేతిని రెండు చేతులతో కప్పేశాడు.

"సూది నాకైతే నువ్వేడుస్తవేందయ్యా?" అంది సాయమ్మ. "అందరు సూస్తున్రు, సిగ్గులేదా!"

ఆమె ఒంటిమీద ఆసుపత్రి ఆకుపచ్చ గౌను. ఈసారి చూసి గుర్తుపెట్టుకున్నాను.

నవ్య మాత్రం అక్కడితో ఆగలేదు. "సిస్టర్, నిన్నటి నుంచి ఎంతమంది చేరినారు?"

"ముప్పై ఒక్కమంది. ఎందుకు?"

ఒక్క మందే పడనివాళ్లందరి కాగితాల్లో ఏమీ లేవనే ఉంటుందని నవ్య చెప్పింది. నర్సు మారుమాట లేకుండా సూదిని ట్రేలో పెట్టి, పై వార్డులకు చెప్పడానికి మెట్ల వైపు పరుగెత్తింది. నవ్య ఎదుటి వరస మంచాలకు వెళ్లింది. ఈ వరస నాది.

పక్క మంచం మీద ఒక నడివయసు మనిషి నిద్రపోతున్నాడు. తల దగ్గర కాగితంలో ఏమీ లేవని ఉంది. బల్ల మీద అప్పుడే ఇచ్చిన సూదిమందు ఖాళీ సీసా.

"నాయనా, లెయ్యి," అని భుజం కుదిపాను. "నీకు ఏ మందు పడదో చెప్పు."

అతను ఎర్రగా దద్దుర్లు లేచిన మెడ గోక్కుంటూ కళ్లు తెరిచాడు.