మధ్యలో పోయిన దారి

కూర్చునే ముందు సోమశేఖర్ కుర్చీ అడుగుకు వంగి చూశాడు. రాత్రి ఎవరైనా కూర్చుని ఉంటే ఎత్తు మారుతుంది. మారలేదు. అయినా కంప్యూటరు తెర మీద పరాయి వేలిముద్రలున్నాయేమోనని కిటికీ వెలుతురులో తల వాల్చి పరీక్షించాడు.

ఎర్రగుంట్లలోని ఆ లారీ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాడు అతనొక్కడే. బండి సరుకు ఎక్కించిన ఊరు, దించిన ఊరు వరుసగా నమోదవుతాయి. పక్కపక్క ఊళ్లను జతలుగా విడదీసి, దూరాలు కలిపి, తాగాల్సినంత డీజిలే తాగిందా అని జావాస్క్రిప్ట్‌లో అతను రాసిన ప్రోగ్రాము తేలుస్తుంది. కొన్నాళ్లుగా అది, దూరానికి మించి డీజిలు పోయిందని, ఒకే డ్రైవరు పేరును ఎర్రగా చూపిస్తోంది. ఏసేపు.

ఆ ఏసేపే స్టీలు ఫ్లాస్కుతో లోపలికి వచ్చి, మూతలో టీ పోసి బల్ల మీద పెట్టాడు.

"తాగు సార్. మా ఇంటామె అల్లం ఏసింది."

"వద్దులేప్పా."

"డీజిలు కలపలేదులే సార్," అని నవ్వాడు.

సోమశేఖర్ నవ్వలేదు. తప్పు చేసినవాడే అంత తేలిగ్గా నవ్వగలడనిపించింది. ఈ టీ కూడా ఊరికే రాలేదు. మూతనూ ఫ్లాస్కునూ తెర వెనక్కి నెట్టాడు.

"సాయంత్రానికి తేలకుంటే తాళాలిచ్చి పొమ్మన్నాడు ఓనరు. నేను యాడా చుక్క అమ్మలే సార్. ఇంకోసారి చూడు."

"చూస్తాలే."

తల ఎత్తకుండానే అన్నాడు. ఏసేపు ఫ్లాస్కు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

అతణ్ని పట్టుకోవాలనే సోమశేఖర్ పని మొదలుపెట్టాడు. ఏ దారిలో అమ్ముతున్నాడో కనిపెట్టడానికి జతలన్నీ తెర మీదికి రప్పించాడు. ఎర్రగుంట్ల, నంద్యాల. తర్వాత నందికొట్కూరు, కడప. రెండూ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ చూశాడు. నంద్యాలలో సిమెంటు దించిన బండి నందికొట్కూరుకు ఎలా చేరింది? ఎగిరి వెళ్లలేదు కదా.

ఆ జత లేదు. ఆ దూరమూ లెక్కలో లేదు.

చిన్నప్పుడు అమ్మ మగ్గం దగ్గర కూర్చుని రెండేసి పోగులు అందించేవాడు. ఒక జతకిచ్చిన పోగు ఇంకో జతకు రాదు. చెయ్యి ముందుకు పోవాల్సిందే. ఆ చెయ్యే ఇక్కడా i += 2 అని, రెండేసి ఊళ్లు దాటుకుంటూ పొమ్మని రాసింది. దారికి అది పనికిరాదు. నంద్యాల వచ్చిన దారికీ కావాలి, పోయే దారికీ కావాలి. మిగతా బండ్లు దించిన ఊళ్లోనే తిరుగు లోడు ఎత్తుకోవడంతో తప్పు బయటపడలేదు. ఖాళీగా ఇంకో ఊరు పోయి లోడు వెతుక్కునేది ఏసేపు ఒక్కడే.

ఎవరో మార్చి ఉంటారని మొదట అనుకున్నాడు. మార్పుల చరిత్ర తెరిచాడు. అన్నిచోట్లా తన పేరే.

ఒక్కో ఊరే ముందుకు జరిగేలా i++ అని దిద్ది, చివరి ఊరికి ముందే ఆగేలా చేశాడు. ఎరుపు పోయింది. కానీ లేవలేదు. ఇది తప్పయితే అన్నీ తప్పులేనంటాడేమో ఓనరు. చప్పుడు చేయకుండా ఊరుకుంటే? ఎలా చెప్పాలో మాటలు మార్చి మార్చి కూర్చుకుంటూ భోజనం చేశాడు. మాటలు కుదిరేసరికి ఎండ వాలింది.

ఓనరు పరమేష్ గదిలో ఒంటరిగా ఉన్నాడు.

"ఏసేపుది తప్పు కాదన్నా. నాది."

పరమేష్ బల్ల మీది తాళాలగుత్తి వైపు చూశాడు.

"ఆ యప్ప మద్దేనమే పోయినాడు కదప్పా. సాయంత్రం దాంక ఉండమంటి. ‘తేలేదేముండాదన్నా, ఆ సారు నా మొగం గూడా చూడకపాయె’ అనె. ఇల్లు ఖాళీ చేసుకుని వాళ్లక్క ఊరికి పోతాండాడంట."

"ఏ ఊరు?"

"యాడో. ఫోను గూడా కలుస్తా లేదు."

సోమశేఖర్ తన గదికి వచ్చాడు. ఈసారి కుర్చీ అడుగుకు వంగలేదు. తెర ఆపి, దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. వెనక స్టీలు ఫ్లాస్కు, దాని పక్కన మూతలో మీగడ కట్టిన టీ.