ఒక్క ఆకుపచ్చ చుక్క

హాలు పోయింది. పోగొట్టింది మునిసిపల్ కౌన్సిల్ వాళ్లేనని మా సమోవా దీవుల వాళ్లంతా తిట్టిపోస్తున్నారు. తిట్టనీండి. అందులో సగం పాపం నాదని నాకు తెలుసు.

సిడ్నీ పడమటి శివార్లలో కౌన్సిల్ మాకు వాడుకోనిచ్చింది ఆ ఒక్క రేకుల హాలే. పిల్లలకు మా భాష నేర్పే శనివారం బడి అక్కడే, మా పెళ్లిళ్లూ చావులూ అక్కడే. ఈమధ్య మా పేటలో అపార్ట్‌మెంట్లు లేచాయి, కొత్త జనం దిగారు. వాళ్లకు ఆ చోట జిమ్ కావాలట. "ప్రజల అభిప్రాయం తీసుకుందాం, మీవాళ్లందరినీ పిలు లగీ" అంది బ్రిజెట్. కౌన్సిల్ ఆఫీసులో ఆవిడ నా పై అధికారి, నేను కౌంటర్ గుమస్తాను.

పిలిచాను. ఆఫీసుకు అరవై మంది వచ్చారు, చర్చికి వచ్చినట్టు తెల్లబట్టల్లో. గోడకు రెండు అట్టలు, ఒకదానిమీద 'హాలు', ఇంకోదానిమీద 'జిమ్'. మనిషికో ఆకుపచ్చ చుక్క స్టిక్కర్. నచ్చినదానిమీద అంటించాలి. చుక్కలు పంచేది నేను.

పెదనాన్న ఫిలీపో లేచాడు. ఎక్కడైనా మావాళ్ల తరఫున మాట్లాడే పెద్ద ఆయనే. ఆ పెద్దరికానికి గుర్తయిన కర్ర నేలకానించి, కొబ్బరిపీచు కుచ్చు భుజాన వేసుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నేను ఇంగ్లీషులో చెబుతుంటే బ్రిజెట్ వాచీ చూసుకుంది.

"మా అందరి మాటా ఇదే. ఏదీ, చుక్క ఇలా తే తల్లీ" అన్నాడు.

ఇచ్చాను. 'హాలు' అట్ట నడిమధ్యన అంటించి కూర్చున్నాడు. ఆయన తరవాత ఇంకొకరు లేస్తే ఆయన మాట చాలలేదన్నట్టే. ఒక్కరూ లేవలేదు.

"మిగతావాళ్లో? అందరూ అంటించాలని చెప్పు" అని బ్రిజెట్ నా చెవిలో గొణిగింది.

నోరు తెరిచాను. పెదనాన్న నా వంక చూశాడు, కోపంగా కూడా కాదు, మురిపెంగా. బ్రిజెట్ వైపు తిరిగాను.

"వాళ్లది అయిపోయింది" అన్నాను.

అపార్ట్‌మెంట్ల వాళ్లు పద్నాలుగు మంది వచ్చి, పద్నాలుగు చుక్కలు అంటించి, కాఫీలు తాగి పోయారు.

నెల తరవాత రిపోర్టు టైపు చేసిందీ నేనే, నా ఖర్మ. జిమ్ పద్నాలుగు, హాలు ఒకటి. అరవై మంది వచ్చారని కూడా రాద్దామని బతిమాలాను.

"చుక్కలే లెక్క లగీ. రూలు అందరికీ ఒకటే" అంది బ్రిజెట్.

ఒళ్లు మండిపోయింది. రిపోర్టు పై అట్టమీద మాత్రం మా అరవై మంది ఫొటోనే నిండుగా వేసుకున్నారు, సిగ్గులేకుండా!

పెదనాన్నకు చదివి వినిపించాను.

"అంతమందిమి వెళ్లాం కదే. ఒకటేంటి?"

"పడింది ఒక్క చుక్కే కదా, పెదనాన్నా."

"అందరూ వెయ్యాలని నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ బెల్లం కొట్టిన రాయిలా నించున్నావా!"

నాకూ కోపం వచ్చింది. "పెద్దవాళ్లు మాట్లాడాక నోరెత్తకూడదని చెవి మెలేసి నేర్పిందెవరు?"

ఇంకో నాలుగు తిట్లయినా తిడతాడని చూశాను. తిట్టలేదు. ఫొటోలో తనను తాను చూసుకున్నాడు. తరవాత జేబులోంచి హాలు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"మీ ఆఫీసులో ఇచ్చెయ్" అన్నాడు. "ఇచ్చేటప్పుడైనా నోరు తెరువు."