నిండిన సీసా

సోమవారం సగానికి తగ్గిన ఇంటర్‌ఫెరాన్ సీసా బుధవారం మెడదాకా నిండి ఉంది.

ఉషారాణి ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ సీసాలో పొడిని నీళ్ల మందుతో కలిపింది తనే. అందులోంచి డోసులు తీసింది తనే. మందు తగ్గాలి గానీ పెరగదు. సీసాను కిటికీ వెలుతురుకెత్తి చూసింది. రబ్బరు మూత మీద తను పొడిచిన సూది గాట్లకంటే ఎక్కువే ఉన్నాయి.

ముందు గదిలోంచి తిరుమలరావు ఆలస్యం ఏమిటని అడిగాడు. సీసాలో నలక పడిందని, కొత్తది కలుపుతున్నానని చెప్పింది. పాత సీసాను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. కొత్త సీసా విప్పి ఇంజక్షన్ చేసి, మిగిలిన మందు కూడా ఐస్ ఫ్లాస్కులో పెట్టి తనతోనే తీసుకుపోయింది.

తిరుమలరావు డీజిల్ ఇంజన్ డ్రైవరు. భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతురు ప్రత్యూష విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. అతని కాలేయంలో హెపటైటిస్ బి వైరస్ చేరింది. ఎక్కడ అంటుకుందో తెలియదు. రైల్వే ఆస్పత్రి వాళ్లు డ్యూటీ మాన్పించి సిక్‌లో పెట్టారు. వారానికి మూడు ఇంజక్షన్లు. నీరసంతో ఆస్పత్రి దాకా నడవలేకపోతున్నాడని, అదే వీధిలో ఉండే నర్సు ఉషారాణి డ్యూటీ దిగాక ఇంటికొచ్చి వేస్తోంది.

మొదటి రోజు ఈ మందేమిటని అడిగితే ఆమె రైల్వే భాషలోనే చెప్పింది. లైను మీద బండి పడిపోతే గార్డు వెనక్కి పరిగెత్తి పట్టాల మీద పటాకీలు కడతాడు కదా. అవి పేలితే వెనక వచ్చే బండి ఆగుతుంది. పడిపోయిన బండి ఎలాగూ పోయింది, రాబోయేదైనా బతుకుతుంది. ఒంట్లో కూడా అంతే. వైరస్ దూరిన కణం చచ్చేలోపు పక్క కణాలకు ఒక కబురు పంపుతుంది. అవి వెంటనే లోపల గడియలు పెట్టుకుంటాయి. ఒంట్లోని సిపాయి కణాలు కూడా ఆ కబురుకే లేస్తాయి. ఆ కబురు పేరే ఇంటర్‌ఫెరాన్. మీ ఒంట్లో అది చాలడం లేదు కాబట్టి బయట తయారు చేసింది ఎక్కిస్తున్నాం. జ్వరం, ఒళ్లు నొప్పులు ఆ పటాకీల చప్పుడే అనుకోండి.

తిరుమలరావు నవ్వాడు. "అచ్ఛా. అయితే మన వీధిలో అందరికీ ఈ ఇంజక్షను ఎవరో వేసేసేరమ్మా. నేను దగ్గితే చాలు, గడియలు పెట్టేసుకుంటన్నారు."

అది హాస్యం కాదు. పక్క క్వార్టర్ అసిరమ్మ పంపు దగ్గర అతన్ని చూస్తే బిందె వెనక్కి లాక్కుంటుంది. పక్కన కూర్చుంటే ఈ జబ్బు అంటుకోదని ఉషారాణి ఇంటింటికీ చెప్పింది. తలలూపారు, రావడం మాత్రం మానేశారు. డ్రైవర్లను డ్యూటీకి పిలిచే కాల్‌మాన్ సైకిలు ఆ వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగుతుంది. ఈ గుమ్మం ముందు ఆగదు. ఆ చప్పుడు వినపడితే తిరుమలరావు మాట ఆపేసి, సైకిలు దాటిపోయాక మళ్లీ మొదలుపెడతాడు.

వర్షాలు మొదలైనప్పుడు రక్త పరీక్ష బాగా వచ్చింది. వైరస్ జాడ తగ్గింది. ఫిట్ సర్టిఫికెట్ రాగానే వాల్తేరుకు బదిలీ పెట్టుకుని కూతురి దగ్గరికి పోతానన్నాడు. తర్వాతి పరీక్షలో కథ మళ్లీ మొదటికొచ్చింది. ఈ నెల కూడా ఇలాగే ఉంటే మందు ఆపేద్దామని డాక్టర్ జయప్రకాష్ తేల్చేశాడు. మందు ఆపితే కాలేయం మిగలదు.

ఆ పరీక్ష పాడైంది మందు పని చేయక కాదు, అతని ఒంట్లోకి పోకనే.

గురువారం ఆమె సీసాను డాక్టరు ముందు పెట్టింది. ఇందులో ఏముందో తేల్చే పరీక్ష ఈ ఊళ్లో లేదని, నిండిన సీసాకు పరీక్ష అక్కర్లేదని కూడా ఆయన అన్నాడు. రోగినే ముందు అడగమన్నాడు. ఈ మందు మనసును కుంగదీస్తుంది, బతకాలనే కోరికను కూడా తినేస్తుంది, అతనే పారబోస్తుండొచ్చు అన్నాడు.

ఉషారాణి దారంతా అదే ఆలోచించింది. ఆ ఇంటికి మనుషులే రారు. అనుమానించడానికి కూడా జనం కావాలి. ఉన్నది ముగ్గురు. తిరుమలరావు, తను, రమణమూర్తి.

రమణమూర్తి మీద అనుమానం రావడమే తప్పనిపించింది. స్టీమ్ రోజుల్లో తిరుమలరావు నడిపిన ఇంజన్ మీద బొగ్గు వేసే ఫైర్‌మన్. కళ్ల పరీక్షలో తప్పి ఉద్యోగం వదిలి, ఊరి చివర తిఫ్రాలో లారీల గ్యారేజీలో పని చూసుకుంటున్నాడు. పెళ్లి లేదు. తిరుమలరావు మంచం పట్టాక మోప్కా పేటలో తన అద్దె గదికి తాళం వేసి ఇక్కడికొచ్చాడు. వంట, బట్టలు, సేవ అన్నీ అతనే. తను కాక ఆ గుమ్మం దాటి లోపలికొచ్చింది అతనొక్కడే.

శుక్రవారం సాయంత్రం ఆమె తిరుమలరావు పక్కన కుర్చీ వేసుకుని, మందు పారబోస్తున్నారా అని సూటిగా అడిగింది. అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"నేనెందుకు పారబోస్తానమ్మా? ప్రత్యూషని సూడకుండా పోతానేమోనని నాకు నిద్ర పట్టదు."

ఆ కళ్లలో అబద్ధం లేదు. ఆమె రమణమూర్తి తెచ్చిన మంచినీళ్లు సగం తాగి గ్లాసు కింద పెట్టింది. చెంబుతో వచ్చి అతను మళ్లీ అంచుదాకా నింపాడు. తిరుమలరావు గ్లాసు కూడా సగంలో ఉంటే దాన్నీ నింపి వంటింట్లోకి పోయాడు. ఎవరూ అడగలేదు. అతను చూసుకోనైనా లేదు, చెయ్యి దానంతటదే చేసింది.

ఉషారాణి తండ్రి ఎర్రయ్య కూడా ఫైర్‌మనే. ఇంట్లో సగం గ్లాసు కనపడితే ఆయన చెయ్యీ అలాగే పోయేది. ఇంజన్‌లో బాయిలర్ నీళ్లెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం ఒకటుంటుంది. గేజి గ్లాసు. ఫైర్‌మన్ కన్ను ఎప్పుడూ దాని మీదే. మట్టం అడుగుకు జారిందంటే బాయిలర్ పేలుతుంది. గాజులో సగం నీళ్లు చూసి ఊరుకోవడం ఆ మనుషులకు చేతకాదు.

ఇన్నాళ్లూ అతను మందు ఎంత తీస్తే అంతే నీళ్లు పోసి ఉంటాడు, అందుకే తను పట్టుకోలేకపోయింది. ఈసారి సగం సీసా కనపడేసరికి చెయ్యి దానంతటదే మెడదాకా నింపేసింది.

ఆమె వంటింటి గుమ్మంలోకి వెళ్లి, బ్యాగులోంచి సీసా తీసి గట్టు మీద పెట్టింది.

"బాబాయ్, ఇందులో ఏం పోశావు?"

రమణమూర్తి సీసా వంక చూశాడు. గరిటె కింద పెట్టాడు. గ్యారేజీలో బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరని, కాచి చల్లార్చే పోశానని చెప్పాడు. ఇంజక్షన్ వేసిన ప్రతిసారీ స్నేహితుడు వణికిపోతుంటే చూడలేకపోయానన్నాడు.

"వణుకు రెండు వారాల్లో తగ్గిపోయింది బాబాయ్. ఒళ్లు అలవాటు పడింది. వర్షాల్లో వచ్చిన రిపోర్టు బాగుంది. ఆ తర్వాతే పాడైంది. వణికినప్పుడు ఊరుకుని, కోలుకుంటున్నప్పుడు మొదలుపెట్టావు."

వెనక అడుగుల చప్పుడు. గోడ పట్టుకుని తిరుమలరావు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. అన్నీ విన్నాడు. ఎందుకురా అని మాత్రం అడిగాడు.

రమణమూర్తి అతని మొహం చూడలేదు. స్టవ్ ఆర్పి, నేల మీద కూర్చున్నాడు.

"జొరం మాట అబద్ధం. ఆ రిపోర్టొచ్చిన రోజున నువ్వు నవ్వేవురా. వాల్తేరు పోతానన్నావు. అక్కడ క్వార్టరు ఎలాగుంటాదో, కిటికీలోంచి ఏటి కనపడతాదో కూడా చెప్పేవు. నువ్వూ రారా అని మాటవరసకైనా అన్లేదు. నేను అనుకున్నాను, రేపంటాడు, ఎల్లుండంటాడు. మోప్కాలో గదికెళ్లి చూసేను. తాళం తీసి లోపల కూకున్నాను. రోజల్లా ఎవడూ నా పేరు పెట్టి పిలవలేదు. గ్యారేజీలో నన్ను బుడ్ఢా అంటారు, ముసిలోడని. ఇక్కడ నువ్వు మంచం మీంచి ఒరే మూర్తీ అని పిలుస్తావు. నీకు సావు రావాలని కాదురా. కొంచెం రోగం ఉంటే చాలనుకున్నాను, పోకుండా ఉండేటంత. అంత లెక్కగా రోగం ఉండదని నాకు తెలుసు. తెలిసే చేసేను."